నాలుగు ఫోన్లలోనూ ఆమే!

పవర్ ప్లాంటు క్వార్టర్లో కరెంటుకు కొదవలేదు; బసమ్మ ముఖంలోనే వెలుగు లేదు. కాలనీ క్లబ్బు యాప్ తయారుచేస్తూ మొగుడు వరసగా పెట్టుకున్న నాలుగు ఫోన్లలోనూ పక్కింటామె పేరే వెలుగుతోంది మరి!

“ఏందయ్యా గిది? చిన్న ఫోన్ల ఆమెనే, పెద్ద ఫోన్ల ఆమెనే!”

“టెస్టింగే! కాలనీల అందరికంటె పొడుగు పేరు ఆమెదే. వేములపల్లి వెంకట నాగసత్య శివపార్వతి. చిన్న స్క్రీన్ల సగం తెగిపోతున్నది, చూడు.”

“మరి నా పేరెందుకు పెట్టలే?”

“బసమ్మ, మూడే అక్షరాలు. ఏ ఫోన్లనైనా ఇమిడిపోతది. సతాయించని పేరుతోని టెస్టింగ్ ఏం చేస్తరు?”

“గట్లనా? అయితే నా పేరు గిట్ల కొట్టు: పక్కింటామె పేరు పొద్దుమాపు కొట్టే మొగుని ఒక్కగానొక్క పెండ్లాం బసమ్మ.”

“అయ్యో, నాలుగు ఫోన్లల స్క్రీను చెదిరిపోయిందే!”

“మంచిగైంది. ఇంక నాతోనే కుస్తీ పట్టు.”