రాగికి రెండు

యుద్ధం రోజులు. విజయనగరంలో లోహపు పూతల కొట్టు నడిపే ఆయనకి, కాలేజీలో చదివే కూతురు పలక చూపించింది.

“ఎండి పూతకేసిన లెక్కే రాగి పూతకీ ఏసావు నాన్నా. ఎండి అణువుకి ఒక ఎలక్ట్రాన్ సాలు. రాగికి రెండు కావాల.”

“అయితే ఏటి?”

“అదే కరెంటుకి నువ్వనుకున్న రాగిలో సగమే అంటుకుంటాది.”

ఆయన పలకని మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు.

“మిగతా సగం మన కొట్లో పనోడు సత్యానందం దొంగిలించాడని పనిలోంచి తీసేసాను కదే. ఇంకోసారి సూడు.”

“మూడుసార్లు సూసాను. ఆయన్ని మళ్లీ పిలిపించు.”

“ఎక్కణ్ణుంచి? దొంగన్న పేరుకి ఎవలూ పనియ్యక పటాలంలో సేరాడు. బర్మాలో సచ్చిపోనాడని మొన్న ఆడింటికి తంతి వొచ్చింది.”

 ఆయన చెప్పులైనా వేసుకోకుండా గుమ్మం దిగాడు.

“ఎక్కడికి నాన్నా?”

“ఆడి పెళ్లాం ఏసమ్మ కాడికి.”

“ఏటి సెప్తావు?”

“ఆడు దొంగ కాడని. ఈదిలో అందరూ ఇనేలా సెప్తాను.”