తెల్ల గుడ్డ మీద

ఓడలో టికెట్టు కాక వేరే డబ్బు కట్టి తినే హోటలది. పిల్లలకు అందకూడదని సర్వర్ బల్ల మీది కత్తులన్నీ తీసి అత్తగారి పక్కన పెట్టి వెళ్ళాడు. ఆవిడ కొడుకు ఫోన్ మాట్లాడడానికి బయటికెళ్ళాడు. బల్ల దగ్గర అత్తా కోడలూ, ఇద్దరు పిల్లలూ మిగిలారు.

"చిన్నాడి మెడకు సర్వర్ గుడ్డ కట్టబోతే వాడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడేమే?"

"ఆటలెండి, అత్తయ్యా."

"ఆ ఆట వీళ్ళ నాన్న కూడా ఆడేవాడు, మీ మామయ్య నీడ పడితే చాలు. ఏదిరా కన్నా, చొక్కా ఎత్తు. అమ్మో! ఇది బెల్టు బకిల్ అచ్చు కదే!"

"పొద్దున గదిలో పాలు ఒలకబోశాడని. ఇక్కడ కూడా ఒలకబోస్తే సముద్రంలోకి విసిరేస్తానన్నారు."

"నీ మణికట్టు?"

"అడ్డం వెళ్ళాను."

"నేనూ వెళ్ళేదాన్ని. రెండు పళ్ళు రాలాయి. ఆయన పోయాడు గానీ ఆ చెయ్యి నా కొడుక్కి అంటించి పోయాడు."

"మెల్లగా మాట్లాడండి. పిల్లలు వింటున్నారు... అయ్యో, చిన్నాడు గ్లాసు పడేశాడు! బల్ల మీది తెల్ల గుడ్డంతా ద్రాక్షరసమే! అత్తయ్యా, ఆయన తలుపు దగ్గరికి వచ్చేశారు!"

"ఆ గ్లాసు నా ముందు పెట్టు. ఒలకబోసింది నేనే."

"ఆయన నమ్మరు."

"నమ్మకపోతే నన్ను దాటి కదా వాడి మీద చెయ్యి వెయ్యాలి. పిల్లలిద్దర్నీ నా వెనక్కి పంపు."

"మీకూ తగులుతుంది అత్తయ్యా!"

"దెబ్బలు నాకు కొత్తా? అప్పుడు నా చేతులు ఖాళీగా ఉండేవి. ఇప్పుడు కత్తులన్నీ నా పక్కనే ఉన్నాయి."