రైజల్‌ను పేరుపెట్టి పిలిచిన ఉమ గారు

రెండువేల ఆరో సంవత్సరం ఆగస్టు పద్నాలుగో తేదీ, సోమవారం నాడు శ్రీమతి కొమరగిరి ఉమ గారు డాలస్ పక్కనున్న ప్లేనోలోని మన ఉన్నత పాఠశాలలో ప్రపంచ చరిత్ర ఉపాధ్యాయురాలిగా బాధ్యతలు స్వీకరించారు. బందరులో ఏళ్ళ తరబడి బోధించి వచ్చిన అనుభవశాలి అయినా, మొదటి పీరియడ్‌లో తాను లోపలికి రాగానే పిల్లలెవరూ లేచి నిలబడకపోయేసరికి, తప్పు గదికి వచ్చానేమోనని బయటికి వెళ్ళి నంబరు చూసుకొని వచ్చారట. ఆ ముచ్చట ఆవిడే నవ్వుతూ చెబుతారు కనుక, ఈ వీడ్కోలు సంచికలో తెలుగు పుట ఒకటి ఉండి తీరాలని ఆవిడ కుమార్తె దేదీప్య పట్టుబట్టింది కనుక, జంకకుండా రాస్తున్నాం.

అనతికాలంలోనే పదో తరగతికి యూదుల చరిత్రను, నాజీల మారణహోమాన్ని బోధించే గురుతర బాధ్యత ఉమ గారికి అప్పగించారు. ఏటా వసంతకాలంలో ఆవిడ డాలస్ నుంచి మిరియం గారిని తరగతికి ఆహ్వానించేవారు. పోలండ్‌లోని ఒక చిన్న ఊళ్ళో పుట్టి, పదేళ్ళ వయసులో ఒక రైతు ఇంటి అటక మీద దాగి ప్రాణం దక్కించుకున్న పెద్దావిడ ఆమె. చెల్లెలు రైజల్ దక్కలేదు. ఊరి పక్క అడవిలో వందల మందితో పాటు ఆ పసిదాన్నీ కాల్చి అక్కడే పూడ్చేశారు. ఒకనాడు తరగతి ముగిశాక మిరియం గారు ఉమ గారి చేయి పట్టుకున్నారు.

"నాకు ఆ నేల మీద కాలు పెట్టే ధైర్యం లేదమ్మా. నువ్వెప్పుడైనా వెళితే మా చెల్లెల్ని ఒక్కసారి పేరుపెట్టి పిలువు. అక్కడ దాన్ని పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు" అన్నారు.

ఏటా వేసవిలో మన ఉపాధ్యాయుల బృందం ఆ మారణహోమం జరిగిన స్థలాల అధ్యయనానికి పోలండ్ వెళుతుంది. వెళ్ళేవారికి ఎక్కడ ఏం చూడాలో నేర్పింది ఉమ గారు, ఎయిర్‌పోర్ట్ దాకా డ్రైవ్ చేసి దింపింది ఉమ గారు. పెళ్ళికి వంటంతా చేసి పంక్తిలో కూర్చోలేని మనిషిలా ఆవిడ వెనుదిరిగి వచ్చేవారు. ఉద్యోగ వీసా మీద ఉన్నవారు దేశం దాటితే, తిరిగి రావడానికి పాస్‌పోర్టులో మళ్ళీ వీసా స్టాంపింగ్ కావాలి మరి.

"స్టాంపింగ్ దగ్గర ఆపేశారనుకో, ఇక్కడ ఇల్లు, పాప స్కూలు నేనొక్కణ్ణే ఎట్లా మేనేజ్ చేయను? గ్రీన్ కార్డ్ రానీ ఉమా, మర్నాడే టికెట్ బుక్ చేద్దాం" అని భర్త గోపాల్ గారు బతిమాలేవారు. అందులో నిజముంది కనుక ఆవిడ ఎదురు చెప్పలేదు. 2015లో చరిత్ర విభాగానికి అధిపతి అయ్యారు, ఉత్తమ ఉపాధ్యాయురాలిగా సన్మానం అందుకున్నారు, అయినా మనసు మాత్రం ఆ అడవి మీదే. మిరియం గారు మొదట చేతికర్రతో, తరువాత చక్రాల కుర్చీలో వచ్చి "ఈ ఏడు వెళుతున్నావా?" అని అడిగినప్పుడల్లా, ఉమ గారు "వచ్చే ఏడు" అనేవారు. ఈ పెద్దావిడ ఉండగా వెళ్ళగలనా అన్నదే ఆవిడ దిగులు. పుట్టింటి కోసం కూడా ఉమ ఇంత తపించలేదని గోపాల్ గారే అంటారు.

ఎట్టకేలకు కార్డు చేతికొచ్చింది. 2023 వేసవిలో ఉమ గారు బృందంతో బయలుదేరారు. మన గ్రంథాలయం చూసే ఈ వ్యాసకర్త్రి కూడా వెంట ఉంది. అడవిలో ఆ సమాధి స్థలం అంచుకు చేరగానే ఉమ గారు అలవాటు చొప్పున వంగి బూట్లు విప్పేశారు. పవిత్రమైన చోట కాళ్ళకు ఏమీ ఉండకూడదని వింటూ పెరిగినవారం కదా! దారి చూపుతున్న మార్తా గారు గబగబా దగ్గరికి వచ్చారు.

"వద్దు, వేసుకోండి. కాల్చే ముందు ఇక్కడ అందరి చేతా బూట్లు విప్పించారు. మీరు వేసుకొనే నడవండి, వేసుకొనే తిరిగి వెళ్ళండి."

ఉమ గారి ముఖం తెల్లబోయింది. బూట్లు మళ్ళీ తొడుక్కున్నా లేసులు ముడిపడకపోతే వ్యాసకర్త్రి కూర్చుని కట్టవలసి వచ్చింది. తరువాత ఆవిడ డాలస్‌లో మిరియం గారు ఉంటున్న వృద్ధాశ్రమానికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచే తల్లి గొంతుతో పిలిచారు.

"రైజల్! రైజల్!"

చెట్ల గాలి తప్ప మరేమీ వినిపించలేదు.

"ఇంకొకసారి పిలువు" అన్నారు మిరియం గారు.

అక్కడున్న ఉపాధ్యాయులలో ఏడవనివారు లేరు. ఆ తరువాత ప్రతి వేసవిలోనూ ఉమ గారు వెళ్ళి పిలుస్తూనే ఉన్నారు, మిరియం గారు వింటూనే ఉన్నారు. పోయిన శీతాకాలంలో మిరియం గారు కన్నుమూశారు.

ఈ మే నెలాఖరున ఉమ గారు పదవీ విరమణ చేస్తున్నారు, జూన్‌లో మళ్ళీ ఆ అడవికి ప్రయాణమవుతున్నారు. మన పెద్దలు నిండు నూరేళ్ళని దీవిస్తారు, యూదులైన మిరియం గారి వాళ్ళు నూట ఇరవై ఏళ్ళని దీవిస్తారు. శ్రీమతి ఉమ గారికి ఆ పెద్ద లెక్కే వర్తించాలనీ, మోకాళ్ళూ గొంతూ చెక్కుచెదరక ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలనీ సహోద్యోగులందరి ఆకాంక్ష. ఆ పసిదాన్ని పేరుపెట్టి పిలవడానికి లోకంలో ఇక మిగిలింది ఆవిడ ఒక్కరే.