వ్యాగన్లు ఎవరు చేశారు?

నూజివీడులో ఓ చర్చి హాల్లో బొమ్మ గూడ్సు రైలు ప్రదర్శన జరుగుతోంది. రిటైరైన గూడ్సు గార్డును ఆయన కూతురు పక్కకు పిలిచింది.

“ఆ వ్యాగన్లు ‘మా అల్లుడు చేశాడు’ అని అందరికీ చెప్పారేంటి నాన్నా?”

“ఆడపిల్ల చేసిందంటే నమ్మరేమోనని అలా అనేశానమ్మా.”

“మామిడి కోతలయ్యాక రెండు నెలలు కూర్చుని ముక్కలన్నీ అతికించింది నేను! చక్రాలు వంకరగా ఉండి పట్టాలు తప్పుతుంటే, ఒక్కో ఇరుసూ ఊడదీసి మళ్ళీ బిగించింది నేను! మీరు పక్కనే ఉండి చూశారుగా?”

“చూశాను తల్లీ. నాదే తప్పు. ఇప్పుడే మైకులో అందరికీ చెప్తాను.”

“అందరికంటే ముందు మీ అల్లుడికి చెప్పండి. చక్రాలు తనెలా బిగించారో అక్కడ పాస్టరు గారికి వివరిస్తున్నారు!”