రేపటి మీట

ఉతికిన బట్టలు మడతపెడుతూనే ఆమె ఒళ్లో ఉన్న పాత ఎలక్ట్రానిక్ ఆర్గనైజర్లోని నంబర్లూ పనులూ చదువుతోంది. అది కొత్త ఫోనుకు ఎంతకీ కలవకపోవడంతో, భర్త ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే ఫోనులో కొట్టుకుంటున్నాడు.

"దర్జీ నంబరు అయింది. పళ్ల డాక్టరు నంబరు మూడుచోట్ల ఉందేంటండీ? ఒక్క పన్నుకి ముగ్గురు డాక్టర్లా?"

"పోతుందేమోనని మూడుసార్లు రాసుకున్నాలే. నువ్వు చదువు."

"నంబర్లైపోయాయి. ఇక చెయ్యాల్సిన పనుల్లో ఒక్కటే మిగిలింది. 'అన్నయ్య నిచ్చెన ఇచ్చెయ్యాలి.'"

"అది వదిలెయ్."

"పక్కన లెక్క కూడా ఉందండీ. నాలుగువందల పన్నెండుసార్లు రేపటికి మార్చారట."

"రోజూ పొద్దున్నే కూస్తుంది. రేపటి మీట నొక్కితే ఊరుకుంటుంది."

"బావగారు మీట నొక్కకుండానే ఊరుకున్నారు."

"మాట తూలింది ఆయన. ముందు ఆయనే పలకరించాలి."

"నిచ్చెన తెచ్చుకున్నది మాత్రం మీరు. పాపం, ఆయన బల్బు మార్చాలంటే కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కుతున్నారట. తోటికోడలు చెప్పింది."

"కుర్చీ మీద కుర్చీయా? ఆ మోకాళ్లతోనా?"

"ఆయన మోకాళ్లతో మీకేం పనిలెండి. ఇది కొత్తదాంట్లోకి ఎక్కించుకుంటారా, తీసేస్తారా? ఎక్కించుకునేటట్టయితే అందులో రేపటి మీట ఉందో లేదో ముందు చూసుకోండి."

అతను ఫోను బట్టల కుప్ప మీద పెట్టి లేచాడు. పెరట్లోకి వెళ్లి నిచ్చెన భుజానికెత్తుకుని వచ్చాడు. అది గుమ్మంలో పట్టకపోతే ఆమె లేచి తలుపు రెండో రెక్క కూడా తీసింది. అతను ఆమె వైపు చూడకుండా వీధిలోకి నడిచాడు.