నా ఇంటికి నేనే చుట్టం

కాదు అయ్యగారూ, మీరే చెప్పండి. మనిషన్నవాడు తన ఇంటికి తనే చుట్టపుచూపుగా ఎలా వెళ్తాడు? ఒకసారంటే సరే, ఏదో సరదా అనుకోవచ్చు. ఆరు వారాలు. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి, చేతిలో బిస్కెట్ల పొట్లం పట్టుకుని, నా గుమ్మం ముందు నేనే నిలబడ్డాను.

కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులు. ఇలా కిటికీ పక్కకి రండి. క్షమాపణల మాట తరవాత చూద్దాం, ముందు నా గోడు వినండి. మీరు మన సంఘానికి పాస్టరుగా వచ్చి మూడు నెలలేగా, ఇక్కడి తంతు మీకింకా పూర్తిగా తెలీదు.

మన చర్చిలో చెట్ల ఆకులు రాలడం మొదలైందంటే మనుషులకి పనులు మొదలైనట్టే. ఒక శనివారం అందరూ చీపుళ్ళు పట్టుకుని ఆవరణ ఊడుస్తారు. ఊడ్చిన చోటే మళ్ళీ రాలుతుంటాయి. అయినా ఊడుస్తూనే ఉంటారు, చెట్టుకీ మనకీ ఏదో పంతం ఉన్నట్టు. స్త్రీల సమాజం వాళ్ళు చలికాలానికి దుప్పట్లు కుట్టడం మొదలుపెడతారు. క్వైర్ వాళ్ళు గొంతులు సవరించుకుంటారు, ఆ సవరింపు పూర్తయ్యేసరికి చలికాలం కాస్తా వెళ్ళిపోతుంది. వీటన్నిటితో పాటు దర్శన జాబితా.

అదేనండీ, చీకటి త్వరగా పడే రోజులు కదా, ఒంటిగా ఉండే ముసలివాళ్ళకి తోచదని, ఒక్కో ఇంటికీ ఒక్కో మనిషిని వేస్తారు. కాగితం మీద ఎడమవైపు ‘చూడవలసిన ఇల్లు’, కుడివైపు ‘చూసివచ్చేవారు’. ఇరవై ఏళ్ళు నేను కుడివైపే ఉన్నాను. ఈ వేసవిలో మా ఆవిడ పోయాక, నన్ను తీసుకొచ్చి ఎడమవైపు కూర్చోబెట్టారు.

సరే, కూర్చోబెట్టారు. కానీ ఆదివారం పొద్దున బోర్డు దగ్గరికెళ్ళి చూస్తే ఏముంది? ఎడమవైపు నా పేరు. దానికెదురుగా కుడివైపు కూడా నా పేరే.

జాబితా రాసేది ఎవరు? మన సెక్రటరీ టీచరమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఆవిడే. బళ్ళో పిల్లల తప్పులు దిద్దీ దిద్దీ, తనకి తప్పు రాదని నమ్మకం కుదిరిపోయిన మనిషి. ఆరాధన అవగానే అందరిముందూ అడిగాను, ‘టీచరమ్మా, ఇదేంటి?’ అని. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితం కేసి చాలాసేపు చూసింది. చూసి ఏమంది? ‘నేనే రాశాను. ప్రార్థన చేసుకునే రాశాను’ అంది. ఇంకేం మాట్లాడతాం? మధ్యలోకి ప్రార్థన వచ్చాక ఎదురు చెప్తే నేను దేవుడితో తగువు పెట్టుకున్నట్టవుతుంది.

పోనీ సంఘపెద్దగా బ్యాంకు మేనేజరుగారు ఉన్నారు కదా అని ఆయన్నడిగాను. ఎవరితోనైనా మార్చండి అన్నాను. మార్పిడి కుదరదన్నారు, తీర్మానం ఉందట. ఉంది, నాకూ తెలుసు. పోయినేడు పళ్ళ డాక్టరుగారి అత్తగారింట్లో కేకు పెడుతున్నారని తెలిసి, ఒకరితో ఒకరు మార్చుకుని, ఒకే గురువారం పదకొండు మంది ఆవిడ మీద పడ్డారు. ఆవిడకి కళ్ళు తిరిగాయి. మిగతా పది ఇళ్ళకీ పురుగు కూడా వెళ్ళలేదు. అప్పట్నుంచి మార్పిడి లేదు. ‘ఏం చేస్తాం మావయ్యా, మీ ఇల్లు మీకు దగ్గరే కదా, నడక కూడా తక్కువ’ అన్నారాయన. నవ్వకండి, ఆయన నవ్వకుండానే అన్నారు.

నేనూ మొండివాణ్ణే. పేరు రాశారు కాబట్టి వెళ్ళి తీరాలి అనుకున్నాను.

ఆ కాగితం వెనక నిబంధనలుంటాయి, చదివారా? గంట కొట్టి ఆగాలి, తోసుకుని లోపలికి పోకూడదు. ఉత్తచేతులతో వెళ్ళకూడదు. నలభై నిమిషాలకి మించి కూర్చోకూడదు. వంటింట్లోకి అడుగు పెట్టకూడదు. మరి టీ ఎవరు పెట్టాలి? కాబట్టి చూడ్డానికి వచ్చిన నేను ఇటు కూర్చునేవాణ్ణి, ఇంటి మనిషినైన నేను లేచి వెళ్ళి టీ పెట్టేవాణ్ణి. ఈ కుర్చీలోంచి ‘ఒంట్లో ఎలా ఉంది?’ అని అడగడం, ఆ కుర్చీలోకి మారి ‘ఏదో ఇలా ఉంది’ అని చెప్పడం. దాని కాలు ఊరికే వదులైందా మరి?

మొదటి వారం గంట కొడుతుంటే ఎదురింటి నర్సమ్మ బయటికొచ్చి, ‘తాళం పోయిందా మావయ్యా?’ అంది. ‘లేదమ్మా, నేను ఇంట్లో ఉన్నానో లేదో చూస్తున్నాను’ అన్నాను. పాపం, ఆ పిల్ల గబగబా లోపలికెళ్ళిపోయింది. అప్పట్నుంచి గురువారం వస్తే చాలు, కర్టెన్ చాటునుంచి చూస్తూ ఉంటుంది.

ఇక ప్రతి వారం సంఘానికి రాసివ్వాల్సిన రిపోర్టులు. ఆరోగ్యం: ఫరవాలేదు. మాట: కాస్త ఎక్కువ. ఇచ్చిన సలహా: రోజూ బయట నడవాలి. తరవాతి వారం, సలహా పాటించారా? లేదు, మహా మొండిమనిషి. కింద రెండు సంతకాలు, చూసినవారిది ఒకటి, చూడబడినవారిది ఒకటి. తేడా తెలియాలని ఒకటి నీలం సిరాతో, ఒకటి నల్ల సిరాతో పెట్టాను. మూడో వారం మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది కూడా. మీ ఆవిడ బట్టలు ఇంకా బీరువాలో ఎందుకు పెట్టావు, దుప్పట్లు కుట్టేవాళ్ళకి ఇచ్చేయొచ్చుగా అన్నాడు వచ్చినవాడు. నీకెందుకోయ్, వచ్చావు, టీ తాగావు, ఇక వెళ్ళమన్నాను. ఆ వారం ఇరవై నిమిషాలే అని రాశాను.

నాలుగో వారం... నాలుగో వారం సంగతి వదిలేయండి.

అదిగో, మీరు ఆ గుమ్మడికాయల కేసి చూస్తున్నారు. మీకు తెలీనిదేముంది, మొన్న ఆదివారం ఇచ్చింది మీ చేతులతోనేగా. పంట కృతజ్ఞత ఆరాధన. వేదిక ముందు కూరగాయలు గుట్టగా పోశారు. మేనేజరుగారు లేచి, ఈ ఏడు ఒక్క వారం కూడా తప్పకుండా వెళ్ళిన మనిషి ఒక్కరే అని నా పేరు చదివారు. చప్పట్లు. ఒక గుమ్మడికాయ. ప్రతి వారం ఇంట్లోనే ఉండి, వచ్చినవారికి మర్యాద చేసినది కూడా ఒక్కరే అని మళ్ళీ నా పేరే చదివారు. మళ్ళీ చప్పట్లు, ఇంకో గుమ్మడికాయ. మీరు నా నెత్తిన చెయ్యి పెట్టి రెండుసార్లు ప్రార్థన చేశారు. కొత్తవారు, మిమ్మల్నని లాభం లేదు. రెండు చంకల్లో రెండు గుమ్మడికాయలతో నేను నిలబడి ఉంటే, చివరికి హార్మోనియం వాయించే ఆయన కిసుక్కుమన్నాడు. అప్పటికి వెలిగింది జనానికి, ఇదెంత విడ్డూరమో. అందరూ ఒక్కసారిగా టీచరమ్మ కేసి తిరిగారు.

నేనూ ఊరుకోలేదు. ‘అడగండి, ఇలాగేనా జాబితా రాసేది’ అన్నాను. అన్నాను, ఎందుకనను? ఆరు వారాలు పడ్డవాణ్ణి నేను. ఆవిడ లేచి నిలబడి, ‘అక్షరాలు నావే. రాసినట్టు మాత్రం గుర్తులేదు’ అని కూర్చుంది. ఆ మాటేదో మొదటి ఆదివారమే అని ఉంటే ఇంత దూరం వచ్చేదా? ఇప్పుడు తన తరఫున క్షమాపణ చెప్పడానికి మిమ్మల్ని పంపడమెందుకు?

ఏమన్నారు?

తాళాలా? ఆఫీసు గది తాళాలు ఇచ్చేసిందా? ఎవరడిగారు ఆవిణ్ణి?

డాక్టరు దగ్గరికి ఎందుకు? గుర్తులేకపోతే... అందరికీ ఏదో ఒకటి గుర్తుండదు, దానికి డాక్టరెందుకండీ. ఇంకేం మరిచిపోతోందో అని పొయ్యి ఆపిందో లేదో రోజుకి పదిసార్లు చూసుకుంటోందా? పాత చిట్టాలన్నీ తీసి తన అక్షరాలు తనే సరిపోల్చుకుంటోందా?

ఒక్క నిమిషం ఉండండి. టీ చల్లారింది, వేడి చేసి... వద్దా. సరే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు. మొన్నట్నుంచి నాకు రెండు భుజాలూ తడుముకోవడంతోనే సరిపోతోంది.

ఆ పెన్సిల్ ఇలా ఇవ్వండి. నేను నలభై ఏళ్ళు బోర్డులు రాసినవాణ్ణి, మీకు తెలుసుగా. బట్టల కొట్టుకి ఒక రకం, మందుల షాపుకి ఒక రకం. ఏ అక్షరాన్నయినా ఒక్కసారి చూస్తే చాలు, చేతికి వచ్చేస్తుంది. ఇదిగో, ఈ రిపోర్టు కాగితం వెనక నా పేరు రాస్తున్నాను. తలకట్టు కాస్త ఎడమకి వాలాలి, చివర సున్నా పెద్దది. చూడండి. ఎవరి అక్షరాలివి?

అవును. నేనే.

ఆకులూడ్చే శనివారం, నోటీసు బోర్డుకి కొత్త రంగు వేయడానికి వెళ్ళాను. టీచరమ్మ అప్పటికే జాబితా అంటించి వెళ్ళింది. ఇరవై మూడు ఇళ్ళున్నాయి. ఇరవై రెండింటికీ ఎదురుగా పేరుంది. నాకెదురుగా ఖాళీ. వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చూసుకున్నాను. ఖాళీయే. పొద్దున్నే అందరూ వచ్చి ఆ ఖాళీ చూస్తారు కదా. ఇరవై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళందర్నీ చూసొచ్చాడు, ఈయన్ని చూడ్డానికి మాత్రం మనిషి దొరకలేదు అనుకుంటారు కదా. జేబులో పెన్ను ఉంది.

ఇంకెవరి పేరైనా రాయొచ్చుగా అంటారా? వాళ్ళు రాకపోతే? నా పేరైతే నేను వస్తాను.

అదీ కాక, నిజం చెప్పాలంటే, ఖాళీ చూస్తే జాలిపడతారు, తప్పు చూస్తే దిద్దుతారు అనుకున్నాను. ఎవరో ఒకరు నవ్వి, ‘ఇదేంటి మావయ్యా, నేనొస్తాలెండి’ అంటారనుకున్నాను. అందుకే అంత గొడవ చేశాను. ఒక్కరూ అనలేదండీ. అందరూ తీర్మానం చెప్పారు.

నాలుగో వారం సంగతి అడగలేదు మీరు. చెప్తాను. ఆ రోజు గంట కొట్టి, అలవాటు ప్రకారం ఆగాను. ఆగి, తాళం తీయడం మరిచిపోయాను. లోపల చెప్పుల చప్పుడు వినపడుతుందేమోనని అలాగే నిలబడ్డాను. మా ఆవిడ తలుపు తీయడానికి ఎప్పుడూ కాస్త ఆలస్యం చేసేది, చెయ్యి తుడుచుకుని వచ్చేది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, నర్సమ్మ వచ్చి నా జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. రిపోర్టులో ‘నలభై నిమిషాలు, అంతా బాగుంది’ అనే రాశాను.

ఏంటీ? మళ్ళీ చెప్పండి.

ఆ ఖాళీ టీచరమ్మదా?

ప్రతి ఏడూ ఒక ఇల్లు తనకోసం ఉంచుకుని, పేరు రాసుకోదా? రాసుకుంటే డప్పు కొట్టుకున్నట్టుంటుందనా? ఈ ఏడు నా ఇల్లు ఉంచుకుందా. ఇరవై రెండేళ్ళుగా ఆ ఖాళీ పెడుతుంటే, అందులో ఇరవై ఏళ్ళు ఆ జాబితా చూస్తూ, ఒక్కసారి కూడా నాకది కనపడలేదు చూడండి. నాకెదురుగా ఉంటేనే కనపడింది.

సర్లెండి. లేవండి అయ్యగారూ. ఇవాళా గురువారమే, నాలుగు కాలేదింకా. ఆ గుమ్మడికాయ ఒకటి మీరు పట్టుకోండి, ఇంకోటి నేను తెస్తాను, ఉత్తచేతులతో వెళ్ళకూడదని నిబంధన ఉందిగా. ఆవిడ ఎదురుగా ఆ పెన్సిల్‌తో మళ్ళీ రాసి చూపిస్తాను. నమ్మకపోతే ఇంకోసారి రాస్తాను. తిడుతుంది, తిట్టనివ్వండి, బెత్తం ఉంటే దాంతో కొట్టనివ్వండి.

మీరు పక్కన నిలబడితే చాలు. గంట నేనే కొడతాను, అలవాటైన పనే. తలుపు మాత్రం ఈసారి ఇంకెవరో తీస్తారు.