ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం

రాయచూరు గంజ్ బజారులో పత్తి దుకాణం మీది ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కోడలు స్ఫూర్తి, పక్కనే కుర్చీ జరుపుకుని అత్త సత్యభామ.

"ఎడమ పక్క ఇంక జరగాలె. ఒకటిన్నర అంగుళం అని రాసిచ్చిండ్రు కదా. బైండింగ్ చేస్తే అక్షరాలు లోపటికి పోతయ్."

"జరిపిన అత్తమ్మ."

"అన్ని పేజీలకా?"

"అన్నిటికి."

"ముందు పేజీలకు నంబర్లు?"

"చిన్న రోమన్ అంకెలు ఏసిన. మామూలు అంకెలు మొదటి అధ్యాయం నుంచి."

"బరాబర్. అయిదుకు కాలేజీ ఆఫీసు మూస్తరట, జల్ది కానియ్యి. మొదటి పేజీ చూపియ్యి. ఇదేంది, ఇంక నీ పేరే ఉంది?"

"మార్చుత."

"పొద్దుగాల నుంచి మార్చుత మార్చుత అంటున్నవ్. నా ముందల్నే మార్చు."

"ఇగో. శ్రుతి వాసుదేవ్, ఎంఎస్‌డబ్ల్యూ. సరేనా?"

"ఇంకొంచెం పెద్దగ చెయ్యి. అట్ట మీద బంగారు అక్షరాలు ఏపిస్తమాయె."

"వాళ్ళు చెప్పిన సైజే పెట్టాలె అత్తమ్మ. పెద్దగ పెడితే వాపసు పంపుతరు."

"అయితే ఒద్దు. మొగం గట్ల పెట్టకు స్ఫూర్తి. నువ్వు రాసింది ఎవరికో ఇస్తున్నమా? ఆడబిడ్డకే కదా. ఇంట్లది ఇంట్లనే ఉంటది. నీకు ఇప్పుడు ఆ పీజీతోటి ఏం పని పడింది? దానికి పడింది. సింధనూరు సంబంధం వాళ్ళకు పిల్లది పీజీ అయిపోయింది అని చెప్పినం. పిల్లోడు లెక్చరరు, అడుగుతడు."

"అయిపోయింది అని ఎందుకు చెప్పిండ్రు? అవుతుంది అనొచ్చు కదా."

"చెప్పినం. ఇంక దాని మీద మాట ఒద్దు. నేను గూడ బీఏ చేసిన. సర్టిఫికెట్ బీరువల చీరల కింద ఉంది. ఏమన్నా ఏడ్చుకుంట కూసున్ననా? తర్వాతది ఏంది, చదువు."

"హామీ పత్రం. 'ఈ పరిశోధన నేనే స్వయంగా చేసినాను. తుర్విహాళ ఊరికి పోయి నాట్లు వేసే కూలి స్త్రీలను నేనే కలిసి మాట్లాడినాను. ఇతరుల పని ఇందులో లేదు.'"

"ఊఁ. 'లేదు' తర్వాత చుక్క పడలే. పెట్టు. కింద సంతకానికి జాగ ఇడువు."

"ఎవరి సంతకానికి?"

"స్ఫూర్తి!"

"ఇడిచిన అత్తమ్మ."

"అమ్మా, ఇంక కాలేదా? బైండింగ్ షాపాయన మళ్ళ ఫోన్ చేసిండు."

"అయితుంది శ్రుతి. మీ వదినను పరేషాన్ చెయ్యకు."

"పరవాలే, ఉండనియ్యి అత్తమ్మ. ఇట్ల కూసో శ్రుతి. వైవాల అడుగుతరు నిన్ను. నీ ప్రాజెక్టు దేని మీద?"

"నువ్వు గూడ మొదలుపెట్టినవా వదినా? కూలోళ్ళ మీద."

"ఏం కూలి?"

"నాట్లు."

"నాట్లేసేటోళ్ళు కడుపుతోటి ఉండి బురదల వంగి పని చేస్తే వాళ్ళకేమైతదో, దాని మీద."

"అదే కదా, నేను పొట్టిగ చెప్పిన."

"మహాదేవమ్మ ఎవరు?"

"ఎవరు?"

"ఆమె మీద ఒక అధ్యాయమే ఉంది."

"రాత్రికి చదువుత, ఒట్టు."

"శ్రుతీ, ఒక మాట అడుగుత, కోపానికి రాకు. నీది నువ్వు రాసుకో. వచ్చే సెమిస్టర్‌ల ఇయ్యనిస్తరు. నేను పక్కన కూసొని నేర్పిస్త. తుర్విహాళకు నీతోటి నేను గూడ వస్త."

"ఆ ఎండల, ఆ బస్సులల్లనా? నువ్వు పోయి ఏం పోగొట్టుకొచ్చినవో మర్చిపోయినవా వదినా?"

"శ్రుతి! నోరు ముయ్యి. లోపటికి పో."

"నేనేమన్న అమ్మా? అందరు అనేదే కదా."

"పో అంటున్న."

"పోతున్న తీ."

"చిన్నపిల్ల. దాని మాట పట్టుకోకు. నేనెప్పుడన్నా అన్ననా నిన్ను? బస్సులు ఎక్కొద్దన్న, ఎక్కినవ్. పోయింది. దేవుడు ఇయ్యలే అనుకున్నం. అంతకుమించి ఒక్క మాట అన్ననా?"

"లేదత్తమ్మ."

"నా కొడుకు గూడ ఏమన్లే. ఇగ చదువు చాలియ్యి అన్నడు, అంతే."

"అవును. అంతే అన్నడు."

"సరే, ఫోటోలు చూపియ్యి. అయ్యో, అన్నిట్ల నువ్వే ఉన్నవ్ కదనే!"

"నేనే పోయిన కదా."

"నీ వరకు కోసెయ్యి. కూలోళ్ళను ఉంచు."

"కోసిన. ఇది గూడ కోసిన."

"ఇందుల నీ కొంగు ఇంక కనిపిస్తుంది. ఇంకొంచెం."

"ఇంకొంచెం కోస్తే యంకప్ప తల పోతది."

"ఆయనెవరు?"

"మేస్త్రి. కూలోళ్ళను పిలుచుకొచ్చేటోడు."

"మేస్త్రికి తల లేకపోతే ఏం కాదు, కొయ్యి. ఇదెందుకు ఆపినవ్?"

"ఇది రాదత్తమ్మ."

"ఎందుకు రాదు?"

"మహాదేవమ్మ చెయ్యి నా కడుపు మీద ఉంది. నన్ను కోస్తే ఆ చెయ్యి పోతది. చెయ్యి ఉంచితే నా కడుపు ఉంటది."

"ఎవరు తీసిండ్రు దీన్ని?"

"ఆమె బిడ్డ, నా ఫోన్‌ల. నేను ఆమెను అడగనీకి పోయిన, ముందు ఆమెనే నన్ను అడిగింది, ఎన్నో నెల అని. అయిదు అన్న. ఆమెకు గూడ అయిదుల్నే పోయిందట, నాట్లేస్తుంటే. నువ్వు నీళ్ళల్ల దిగకు, గట్టు మీద కూసో అన్నది. 'బదు మ్యాల కూడవ్వ' అని, కన్నడల. నేను గట్టు మీద్నే కూసున్న అత్తమ్మ. నీళ్ళల్ల దిగలే."

"ఆ ఫోటో తీసెయ్యి."

"తీస్తే ఖాళీ వస్తది."

"కింద ఉన్నది మీదికి జరుపు. అంత చదువుకున్నవ్, అది రాదా?"

"వస్తది."

"తీసినవా?"

"తీసిన. కిందియన్ని మీదికి జరిగినయ్. నంబర్లు గూడ మార్చిన."

"నా కోడలు పని పట్టిందంటే వంక పెట్టనీకి ఉండదు. ధన్యవాదాలల్ల మీ మామ పేరు ముందు పెట్టు. చివరికి నీది గూడ పెట్టు, 'టైపింగ్‌ల సాయం చేసిన మా వదిన స్ఫూర్తికి' అని. పెట్టకపోతే బాగుండదు."

"పెట్టిన."

"చూసినవా, నిన్ను మర్చిపోతనా నేను? ఇంకేం మిగిలింది?"

"లైబ్రరీ కాయితం ఒక్కటి. వెనక అతికించాలె. దీన్ని వాళ్ళ కంప్యూటర్ల ఏసి, ఇంతకుముందు వచ్చిన పుస్తకం దేంతోటన్నా కలుస్తుందా అని చూస్తరు. కలవకపోతెనే సంతకం చేస్తరు."

"దేంతోటి కలుస్తది? ఇది గడప దాటి బయటికే పోలే. నీ దగ్గర్నే ఉండె కదా."

"అత్తమ్మ, మొన్న బుధవారం ఆస్పత్రికి అని చెప్పి పోయిన కదా, నేను ఆస్పత్రికి పోలే."

"మరి ఎక్కడికి పోయినవ్?"

"కాలేజీకి. నా పేరు ఇంక అక్కడ్నే ఉంది, ఎవ్వరు కొట్టెయ్యలే. నా పుస్తకం ఇచ్చిన, లైబ్రరీ సంతకం గూడ అయింది. ఇప్పుడు శ్రుతి ఇది తీస్కపోతే, ఇదే కాపీ అని వస్తది."